నాలుగో బెంచీ మీది పెట్టె

చెర్లపల్లి షెడ్డులోకి పొద్దున్నే దిగింది
గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో ఒక ఇనుప పెట్టె.
ఎక్కడి నుంచో కాగితంలో లేదు, నెంబరే ఉంది.
స్క్రూల తలల మీద తెల్లగా ఉప్పు పూసి ఉంటే
సముద్రం పక్కన అణువుతో కరెంటు వండే చోటని
నేనే అనుకున్నాను.

మూత విప్పితే
సిలికా జెల్ పొట్లం నీలం మానేసి గులాబీ అయింది.
కేబుల్ దూరే కంత వదులు.
ఓ మూల బల్లిగుడ్డు పెంకు.
భూకంపం కోసం కట్టిన ఇంట్లో
ఎవరో నిమ్మళంగా పుట్టి వెళ్లిపోయారు.

తొమ్మిదేళ్లు నేలకు చెవి ఆనించి ఉంది ఇది.
రిజిస్టరులో తొమ్మిదేళ్లూ ఒకటే మాట: ఏమీ లేదు.
కింద డిట్టో. దాని కింద డిట్టో.
నా కొలువంతా ఆ మాట దగ్గరే.
ఏమీ కాలేదా,
ఏమీ వినలేదా?

దస్తగీర్ సాబ్ రిటైరయ్యే రోజు
తన పానా నా చేతిలో పెట్టి అన్నాడు:
"భూమి అబద్ధమాడదు బేటీ, పెట్టె ఆడుతది.
చెవిటోడు గూడ సప్పుడు లేదనే చెప్తడు."

అందుకే పెట్టెను పక్కకు పడుకోబెడతాను.
భూమి లాగే లాగుడంతా ఒక్క గీతై లేవాలి.
లేచింది, వెంట్రుకంత తక్కువగా.
ఊపే బల్ల పని మాత్రం రాత్రికి.
పగలు మౌలాలిలో గూడ్సు బండి కదిలినా
గీతకు తెలిసిపోతుంది,
ఆషాఢం ఆదివారాలైతే డప్పుకి అది కూడా ఊగుతుంది.

ఈ ఊరి కింద రాయి గట్టిదంటారు.
గుట్టల మీద గుండ్లు ఒకదాని మీదొకటి
పడకుండా నిలబడ్డ తీరు చూస్తే నమ్మబుద్ధేస్తుంది.
నమ్మడానికి నాకు జీతం ఇవ్వరు.
మా కుషాయిగూడ గల్లీలో బోరు వేసిన రాత్రి
గ్లాసులో నీళ్లు చూస్తూ తెల్లారేదాకా కూర్చున్నాను.

రాత్రి పదింటికి జ్ఞాపకం దింపాను.
ఏమీ లేదన్న తొమ్మిదేళ్లలో
ప్రతి సోమవారం, తొమ్మిదింబావుకి
మూడు చిన్న ముళ్లు.
ఎవరో వేలితో తట్టారు,
బతికున్నావా అని.
మూడోది ఎప్పుడూ కాస్త ఆలస్యం,
వేలి కణుపు నొప్పేమో.
ఒక ఎండాకాలం ఆరు వారాలు లేవు.
జ్వరమో, కూతురి కాన్పో.
మళ్లీ మొదలైనప్పుడు
మొదటి తట్టు గట్టిగా ఉంది.

కిందటి దసరా తర్వాత
చెయ్యి మారింది.
రెండే తట్లు, గబగబా,
బస్సుకి టైమైన మనిషివి.
ఫిబ్రవరి నుంచి అవీ లేవు.
బెంచీ లైటు కింద చాలాసేపు
ఆ ఖాళీ గీతనే పెద్దది చేసి చూశాను.

రింగు మార్చాను, కంత బిగించాను,
కొత్త పొట్లం నీలంగా పెట్టాను.
పంపే ముందు జ్ఞాపకం తుడవాలి, రూలు.
తుడిచాను. తొమ్మిదేళ్ల సోమవారాలు
నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.
సర్టిఫికెట్టులో ఇతర వివరాలు అన్న గడి
ఎప్పుడూ ఒక అడ్డగీతతో వదిలేదాన్ని.
ఈసారి రాశాను:
వారం వారం తట్టే పద్ధతి ఆపవద్దు.
మూడుసార్లు. తొందర లేకుండా.

పొద్దున ఆటో ట్రాలీ అనంతయ్య
పెట్టె ఎత్తి, రసీదు కోసం జేబులు వెతుకుతూ
దాని మూత మీద వేళ్లతో దరువేశాడు.
బ్యాటరీ తీసేసి ఉంది, అది వినదు.
అయినా వద్దనలేదు.
"మెల్లగా పో," అన్నాను,
"ఈసీఐఎల్ కాడ గుంతలున్నయ్."